గుమ్మం బయటి నశ్యం డబ్బా

గ్లోరమ్మ ఎవరినైనా ఇంట్లోకి రానివ్వాలంటే ముందు వాసన చూసేది. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే చూసేది. తార్నాకలో ఆవిడ ఉండే రెండు గదుల వాటాకు ఎంతటివాళ్లు వెళ్లినా గుమ్మంలో ఒక్క నిమిషం ఆగాల్సిందే. మల్లెపూలు పెట్టుకొస్తే తీసి బయట పెట్టాలి. పౌడరు రాసుకొస్తే మొహం కడుక్కోవాలి. ఓసారి పాస్టరుగారు ఘుమఘుమలాడే సెంటు కొట్టుకుని ప్రార్థన చేయడానికి వస్తే, ఆయన్ని వరండాలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "అయ్యగారూ, ఇక్కణ్ణుంచి చేసినా దేవుడు వింటాడు లెండి" అంది. ఆయన మంచివాడు కాబట్టి అక్కడే కానిచ్చి, టీ తాగి వెళ్లాడు.

ఈ హంగామా అంతా పట్టుపురుగుల కోసం. గ్లోరమ్మ యూనివర్సిటీలో జంతుశాస్త్రం వాళ్ల దగ్గర అటెండరు. పుట్టింది రేపల్లె దగ్గర, చదివింది ఎనిమిదో తరగతి. పెళ్లయిన ఏడాదే మొగుడి రైల్వే ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చేసింది. ల్యాబులో గాజుసామాను కడగడానికి చేరిన మనిషి ఇరవై ఎనిమిదేళ్లలో ఎంత నేర్చిందంటే, పీహెచ్‌డీలు చేసే పిల్లలకు పురుగుల విషయంలో ఏ అనుమానం వచ్చినా పుస్తకం కన్నా ముందు ఆవిడ దగ్గరికే పరుగెత్తేవారు. పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, రోజంతా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే పెంచేవాళ్లు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగు వారం రోజులు ఆబగా తిని గూడు కడుతుంది. ల్యాబుకు సెలవులొస్తే చాలు, గ్లోరమ్మ ఒక తట్టో రెండు తట్టలో ఇంటికి మోసుకొచ్చేది. సెలవులు మనుషులకు గానీ పురుగులకు కాదు కదా అనేది.

ఈ ఏర్పాటులో నలిగిపోయినవాడు డేనియల్ గారు, ఆవిడ భర్త. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన సాధువైన మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క అలవాటు నశ్యం. పొగాకు పట్టుపురుగుకు పరమ విషం, గాలి తగిలినా ప్రమాదమే. అందుకని నశ్యం డబ్బా గుమ్మం బయట, కరెంటు మీటరు పైన ఉండేది. ఆయన బయటికెళ్లి, ఓ పట్టు పీల్చి, తుమ్మి, ముక్కు తుడుచుకుని, పంపు దగ్గర చేతులు కడుక్కుని వస్తే, గ్లోరమ్మ ఆ చేతులు వాసన చూసి లోపలికి వదిలేది. "పెన్షను నాది, ఇల్లు పురుగులది" అని పక్కింటివాళ్ల దగ్గర వాపోయేవాడు పాపం.

అది రెండు వేల పది, ఫిబ్రవరి. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. యూనివర్సిటీలో క్లాసులు లేవు, రోడ్డు మీద ముళ్లకంచెలు, గేట్ల దగ్గర పోలీసు వ్యాన్లు. ములుగు వైపు నుంచి వచ్చిన సమ్మక్క అనే పరిశోధక విద్యార్థిని పొద్దున్న పురుగుల దగ్గర, మధ్యాహ్నం దీక్షా శిబిరంలో ఉండేది. మండే ఎండకు కూడా తట్టుకునే పురుగును తయారుచేయాలని ఆ పిల్ల పట్టుదల. తరం వెంట తరం ఏరుకుంటూ ఏడో తరం దాకా వచ్చింది. నినాదాలతో గొంతు పోయి, ఆ పూట మేత ఎంత వేయాలో గ్లోరమ్మకు సైగలతో చెప్పేది. మా రాష్ట్రం మాకు వస్తే ఏం చేస్తావని ఓ రోజు ఆటపట్టించింది. ఏం చేస్తాను, ఆకు కోస్తాను, పురుగులకు పొద్దున్నే మేత పడొద్దూ అంది గ్లోరమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ల్యాబుకు తాళం పడుతుందని తెలిసిన రోజు సమ్మక్క రెండు తట్టలు తెచ్చి గ్లోరమ్మ ముందు పెట్టింది. తట్టకు రెండు వందలు, మొత్తం నాలుగు వందల పురుగులు. అవి మూడో జ్వరం నుంచి అప్పుడే లేచాయి.

"ఇవి పోతే ఏడు తరాలు పోయినట్టే అమ్మా. మళ్ల మొదటికెళ్లి షురూ చెయ్యాలె. నాకు గంత టైం లేదు" అంది.

"నా దగ్గరున్నవి ఎప్పుడైనా పోయాయా?" అంది గ్లోరమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రమే సమ్మక్కను మిగతా విద్యార్థులతో పాటు పోలీసులు పట్టుకుపోయారు.

పురుగులు ఆటోలో తార్నాక చేరాయి. డేనియల్ గారి మంచం వరండాలోకి చేరింది. గ్లోరమ్మ రోజూ గోనెసంచీ పట్టుకుని కంచెలు దాటి వెళ్లి, ల్యాబు వెనక మల్బరీ తోటలో ఆకు కోసుకొచ్చేది. మొదటి రోజు ఓ కానిస్టేబులు సంచీలో చెయ్యి పెట్టబోతే, చేతులు కడుక్కున్నావా నాయనా అని అడిగింది. రెండో రోజు నుంచి అతనే దారి ఇచ్చేవాడు.

నాలుగో జ్వరం నుంచి లేచి మూడో రోజు. పురుగులు చూపుడువేలంత అయ్యాయి, వేసిన ఆకు వేసినట్టే మాయమవుతోంది. గ్లోరమ్మ ఆకు కోస్తూ ఉండగా గేటు వైపు నుంచి ఢాం ఢాం అని చప్పుళ్లు, వెనకే పొగ. టియర్ గ్యాస్. ఆవిడ ముక్కు మూసుకోలేదు, సంచీ మూతి బిగించి పట్టుకుంది. కళ్లు మండిపోతున్నా దగ్గుకుంటూ, ఏడ్చుకుంటూ సందులు పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. గాలి అటే వీస్తోంది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని తలుపు తోసింది.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రెండు తట్టల మీదా తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. పక్కన డేనియల్ గారు ఎర్రబడ్డ కళ్లతో విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడు. పొగ వస్తే తడిగుడ్డ కప్పాలని ఆవిడ ఎప్పుడో ఓసారి చెప్పిన మాట ఆయన గుర్తుపెట్టుకున్నాడు. గ్లోరమ్మకు కడుపు నిండిపోయింది. "బతికించారండీ" అంది. ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఆయన విన్న మొదటి మెచ్చుకోలు అదే. పెద్దమనిషి పొంగిపోయి మళ్లీ విసరడం మొదలుపెట్టాడు.

గంట తర్వాత రెండో తట్టలో పురుగులు తలలు అటూ ఇటూ కొట్టుకున్నాయి. నోటి నుంచి ఆకుపచ్చటి నీళ్లు కక్కాయి, వంకర్లు తిరిగాయి. మొదటి తట్టలోవి శుభ్రంగా తింటున్నాయి. గ్లోరమ్మ పక్కన తీసి పెట్టిన తడిగుడ్డ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. అది గుడ్డ కాదు, డేనియల్ గారి తువ్వాలు. ఉతికిన గుడ్డ ఒకటే చేతికి దొరికిందట, రెండో తట్టకు ఏమీ కనపడక, భుజం మీది తువ్వాలు బకెట్లో ముంచి కప్పాడట. ఏళ్ల తరబడి నశ్యం పీల్చి ముక్కు తుడుచుకుంటున్న తువ్వాలు. ప్రతిరోజూ చేతులు వాసన చూసిన గ్లోరమ్మకు భుజం వాసన చూడాలని ఒక్కనాడూ తోచలేదు.

ఆవిడ తువ్వాలు తీసుకెళ్లి గుమ్మం బయటికి విసిరేసింది. కేకలు వేసినా బాగుండేది అనుకున్నాడాయన. సాయంత్రానికి రెండు వందల పురుగులూ పోయాయి. ఆయన మంచం మీద తల దించుకు కూర్చుని, ఆనాటి నుంచి నశ్యం డబ్బా వైపు చూడలేదు.

ఆ మర్నాడు సమ్మక్క స్నేహితులు ఇద్దరు కనుక్కోవడానికి వచ్చారు. ఒక తట్ట పోయిందనగానే, గ్యాసుకే కదా అన్నారు. గ్లోరమ్మ అవునని తలూపింది. సాయంత్రానికల్లా గేటు దగ్గర ఎవరో ఉపన్యాసంలో కూడా చెప్పేశారట, నోరులేని పురుగులను కూడా వదల్లేదని. గ్లోరమ్మ డేనియల్ గారిని పిలిచి, తువ్వాలు సంగతి నోరు జారొద్దని గట్టిగా చెప్పింది. భయపడింది మరి. ఆంధ్రావాళ్ల ఇంట్లో పెడితే చంపేశారంటారేమోనని భయం. ఇరవై ఎనిమిదేళ్ల పేరు పోతుందన్న బాధ అంతకన్నా పెద్దది.

మిగిలిన తట్టను మాత్రం కంటికి రెప్పలా చూసుకుంది. ఆకు తుడిచి తుడిచి వేసింది. జ్వరం నుంచి లేచిన ఏడో రోజుకు పురుగులు గూడు కట్టే దశకు పండి, ఒళ్లు అద్దంలా మెరిసింది. వాటిని ఏరి గూళ్లు అల్లుకునే చంద్రిక అనే వెదురు తడికలో వేస్తే రెండు రోజుల్లో గూళ్లు కట్టేశాయి. సమ్మక్క విడుదలై నేరుగా తార్నాక వచ్చేసరికి అందులో నూట ఎనభై మూడు గూళ్లున్నాయి.

ఆ పిల్ల గూళ్లు లెక్కపెట్టుకుని నోటుపుస్తకం తీసింది. దారిలోనే అందరూ చెప్పారట, గ్యాసుకు ఒక తట్ట పోయిందని. అది రాసుకుని, పెన్ను ఆపి తలెత్తింది.

"రెండు తట్టలు ఒక్క గదిల్నే ఉండె గద? గ్యాసుకు గవి పోయినయ్, ఇవి బతికినయ్. అంటే వీట్ల ఏదో తాకత్ ఉన్నట్టే గదమ్మా?"

ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. లేని గుణం ఒకటి పురుగులకు అంటగట్టి ఆ కాగితం మీద రాసుకోబోతోంది. గ్లోరమ్మ గూళ్లు సర్దుతున్నట్టు చంద్రిక మీదికి వంగింది.

"గ్యాసు కాదమ్మా. నా తువ్వాలు" అన్నాడు డేనియల్ గారు గుమ్మంలో నుంచి. నశ్యం సంగతి, బకెట్టు సంగతి, అంతా వరసగా చెప్పేశాడు. చెబుతున్నంత సేపూ భార్య వైపు చూడలేదు.

సమ్మక్క మళ్లీ పుస్తకం మీదికి వంగింది. రాసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. తువ్వాలు ఎన్ని గంటలకు కప్పావు, ఎంతసేపుంచావు, ఎన్నాళ్లకోసారి ఉతుకుతావు అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఆఖరి ప్రశ్నకు ఆయన సిగ్గుపడ్డాడు.

"భయమేసిందమ్మా, అందుకే చెప్పలేదు. ఏమనుకుంటావోనని" అంది గ్లోరమ్మ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లొల్లి రాష్ట్రం కోసం అమ్మా, నీతోని కాదు. అబద్ధం రాస్తే మాత్రం నా ఏడు తరాలు ఉత్తవే అవుతుండె." సమ్మక్క పుస్తకం మూసింది. "అంకుల్ మంచిగ చెప్పిండు."

రెండు వారాలకు గూళ్లలోంచి రెక్కల పురుగులు వచ్చి కాగితాల మీద గుడ్లు పెట్టాయి. సమ్మక్క సగం కాగితాలు ల్యాబుకు పట్టుకుపోయింది, సగం గ్లోరమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ పుచ్చుకోవడానికి వెనకాడింది.

"క్యాంపస్ మళ్ల ఎప్పుడు బంద్ అయితదో తెల్వదు. నీ దగ్గర ఉండని. నశ్యం ఎంత పని చేస్తదో మీ ఇంట్లోళ్లకు తెలిసినట్టు ఇంకెవ్వరికి తెల్సమ్మా" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం డేనియల్ గారు చాలా రోజుల తర్వాత మీటరు దగ్గరికెళ్లి ఓ పట్టు పీల్చాడు. కొత్త తువ్వాలు బయటే కొక్కేనికి తగిలించి, చేతులు రెండుసార్లు కడుక్కుని, గుమ్మంలో నిలబడి అలవాటుగా చాపాడు. గ్లోరమ్మ ఆ చేతులు వాసన చూడలేదు. తన రెండు చేతులూ ఆయన ముక్కు ముందు పెట్టింది.

"ముందు నావి చూడండి" అంది.