పెన్నకు పలివెల కొబ్బరికాయ

ఆ రోజుల్లో నాకు తెలిసిన రాళ్ళు రెండే. ఒకటి గుళ్ళో ఉండేది, రెండోది వంటింట్లో ఉండేది. ఒకదానికి దండం పెట్టేవాళ్ళం, ఇంకోదాని మీద పచ్చడి నూరేవాళ్ళం. కోనసీమలో పుట్టినవాడికి అంతకు మించిన రాయి ఎక్కడ కనబడుతుంది? ఎటు తవ్వినా మట్టే. ఎత్తంటే కాలవగట్టే (కొబ్బరిచెట్టు ఉందిగా అంటారేమో, దాన్ని కింద నించి చూడటమే తప్ప నేను ఎక్కిన పాపాన పోలేదు). అలాంటివాణ్ణి, ఇరవై నాలుగో ఏట, మొదటి ఉద్యోగమని కడప జిల్లాలో జమ్మలమడుగు వెళ్ళిపడ్డాను.

మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి తెచ్చుకున్న ఉద్యోగం. దాని కోసం నాకంటే ఎక్కువ బెంగపడింది పలివెలలో ఉండే మా మేనత్త. నన్నడక్కుండానే మొక్కేసుకుంది, వీడికి ఉద్యోగం ఏ ఊళ్ళో వస్తే ఆ ఊరి నదికి మా పెరటి చెట్టు కాయ నా చేత్తో ఇచ్చుకుంటానని (ఊరన్నాక నది ఉండదా అని ఆవిడ ధీమా). ఫోన్లో అడిగింది, "అక్కడ నదుందా చిన్నోడా?" అని. "ఆయ్, పెన్న ఉందత్తా. గండికోటని, పక్కనే." "నీళ్ళలోకి దిగడానికి వీలుగా ఉంటాదా?" నేను గండికోట అప్పటికింకా చూడలేదు. అయినా నది నదే కదా అని, "ఏముందత్తా, గట్టు దిగితే నీళ్ళే" అనేశాను. మా వైపు వాడెవడైనా అదే అంటాడు.

అత్త సంచిలో కొబ్బరికాయ పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. కోట దాటి అంచుకు వెళ్ళాం. గోదారిని మేం గట్టెక్కి చూస్తాం. ఇక్కడ నదిని వంగి చూడాలి. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు, పూతరేకులు దొంతర పెట్టినట్టు పొరలు పొరలుగా నిట్టనిలువునా దిగిపోయి, ఎక్కడో అడుగున పచ్చగా పెన్న. మా కాళ్ళ కిందుగా ఒక గద్ద ఎగురుతుంటే దాని వీపు కనబడింది. అంతకు ముందెప్పుడూ నేను గద్ద వీపు చూడలేదు. భూమికి ఇంత లోతుంటుందని ఎవరూ చెప్పనూ లేదు. భయమో భక్తో తెలియక అక్కడే చతికిలబడ్డాను.

అత్త చాలాసేపు చూసి, "గట్టు దిగితే నీళ్ళేనన్నావు" అంది మెల్లిగా. "ఇక్కణ్ణించే విసిరేద్దామత్తా, ఎలాగైనా నదిలోనే పడతాది." "ఇంటికొచ్చిన చుట్టానికి గారె విస్తట్లో వడ్డిస్తామా, వీధిలోంచి విసురుతామా?" అక్కడ మేకలు కాసుకుంటున్న పెద్దాయన రాళ్ళ మధ్య సందొకటి చూపించి, "నీళ్లకాడికి ఇట్ల దిగొచ్చు. నిదానంగా పోండి" అన్నాడు.

"నా చెయ్యి పట్టుకో అత్తా, భయపడకు" అని పెద్ద మొనగాడిలా ముందు దిగాను. పది రాళ్ళు దిగేసరికి కాలు జారింది. చేలో గట్టు జారుతుంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవడం మా వైపు అలవాటు. ఆ అలవాటుకొద్దీ కొత్త బూట్లు విప్పేశాను. మిట్టమధ్యాహ్నపు రాయి, అరికాళ్ళు అట్లపెనం మీద పెట్టినట్టయింది. గెంతాను. ఒక బూటు చెయ్యి జారి, రాయిరాయినీ పలకరించుకుంటూ కిందికి పోయింది. దాని వెనకే నా ధైర్యమూ పోయింది. బండను కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాను. కిందికీ పోలేను, పైకీ రాలేను. అత్త మొక్కూ, నా పరువూ ఆ బండ దగ్గరే ఆగిపోయాయి.

"ఒరే చిన్నోడా, కళ్ళు తెరు. అటక మీంచి నిచ్చెన దిగుతాం చూడు, అలా వెనక్కి తిరుగు. రాయినే చూస్తా దిగు. కాలెక్కడెయ్యాలో నేను చెబుతాను." అరవయ్యేళ్ళ మనిషి, కుచ్చిళ్ళు ఎగదోపి, సంచి మెళ్ళో వేసుకుని, నన్ను దాటి కిందికి వెళ్ళింది. నాలుగు రాళ్ళ అవతల ఆగిపోయిన బూటు తెచ్చి, రెండూ తొడిగించింది. అక్కణ్ణించి నా మడమ పట్టుకుని, ఒక్కో రాయి మీదా పెడుతూ దింపింది.

అడుగున చల్లగా ఉంది. మా మాటలు మాకే తిరిగి వినబడుతున్నాయి. అత్త తలెత్తి ఆ గోడల్ని చూసింది. "ఇంత రాయినీ నీళ్ళే కోసేయా?" "ఆయ్." "మరి కోసిన రాయంతా ఏమైపోయింది?" "అరిగి మట్టయి సముద్రం వేపు పోయుంటాది. మన కోనసీమ మట్టీ గోదారి అలా తెచ్చిందేనత్తా." ఆవిడ వంగి గుప్పెడు ఇసుక తీసి చూసుకుంది. "అయితే మనం కొండల మీదే వరి పండిస్తన్నాం" అని, కాయకు పసుపు రాసి, నీళ్ళలోకి దిగి, రెండు చేతులతో వదిలింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు (మళ్ళీ ఎక్కాలి కదా, అందుకేనని బుకాయించాను).

ఇప్పుడు నేను అమలాపురంలో పనిచేస్తున్నాను, బూట్లు మానేసి చాలా కాలమైంది. అత్త ఆ రోజు అక్కణ్ణించి పిడికెడంత ఎర్రరాయి ఒకటి తెచ్చుకుంది. ఎవరొచ్చినా దాన్ని చూపించి, "మావాడేనండి, అడుగడుక్కీ చెయ్యి పట్టుకుని దింపేడండి. లేకపోతే అంత లోతుకి నేను దిగ్గలనా అండి?" అంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అసలు సంగతి చెప్పలేదు. అలా చెప్పేసి, సాక్ష్యానికి నా వైపు చూస్తుంది. నిజం చెప్పేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. మడమ మీద ఆవిడ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంటుంది. తల వంచుకుని "ఆయ్" అంటాను.