మడతలు పోని పేపర్

పిజ్జా కూపన్ అయినా సరే, చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ ఆ పెద్దావిడ అరచేతిలో ఇమిడేంత చిన్నగా మడిచి, గోటితో నొక్కి, కోటు లోపలి జేబులో దాచుకునేది.

డెట్రాయిట్‌లో నల్లజాతివాళ్లు నడిపిన తొలినాటి వార్తాపత్రికలు ఆవిడ సంరక్షణలో ఉండేవి. వాటిని వెబ్‌సైట్‌లో పెట్టే కాంట్రాక్ట్ మా కంపెనీది. నేను పక్కనే ఉన్న ట్రాయ్ ఊరి నుంచి రోజూ వెళ్లి స్కాన్ చేసేవాణ్ణి. ప్రతి పేజీ మీదా అడ్డంగా, నిలువుగా మడతల గీతలే.

"ఫిల్టర్ రన్ చేసెయ్, గీతలన్నీ పోతాయి," అన్నాడు మా మేనేజర్. అలా శుభ్రం చేసిన ఒక పేజీని నున్నటి కాగితం మీద ప్రింట్ తీయించి ఆవిడ ముందు పెట్టాడు. కొత్త పేపర్‌లా ఉందన్నాడు.

"కొత్తదే. మాది కాదు," అంది ఆవిడ. "ఆ రోజుల్లో దక్షిణాన అలబామాలో మావాళ్లు ఈ పేపర్‌తో దొరికితే తెల్లవాళ్లు చావగొట్టేవాళ్లు. రైల్లో పనిచేసే మా తాత దీన్ని ఇంత చిన్నగా మడిచి, చొక్కా కింద దాచి అక్కడికి తీసుకెళ్లేవాడు. ఒక్క పేపర్ ఊరంతా చదివేది."

"కానీ మేడమ్, ఇప్పటి రీడర్స్‌కి కష్టం కదా."

"వాళ్లు కిటికీలు మూసుకుని దీపం కింద చదివారు. మీ రీడర్స్‌ని కాస్త కళ్లు చిట్లించమను. గీతలు తీసేస్తే అనుమతి కాగితం మీద నేను సంతకం పెట్టను."

మేనేజర్ ఇంకేదో చెప్పబోయాడు. ఆవిడ ఆ నున్నటి ప్రింట్ అందుకుని మడిచింది, మళ్లీ మడిచింది, గోటితో నొక్కింది. విప్పి అతని ముందు పరిచింది.

"ఇప్పుడు మా పేపర్‌లా ఉంది."