లావోస్ జాబితాలో లేని పేరు

మా నాయన గద్వాలలో చీరలు నేసేవాడు. నేను వనపర్తిలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసేదాన్ని. ఒక శనివారం గ్రంథాలయంలో పాత పత్రిక తిరగేస్తుంటే లావోస్ అనే దేశం ఫొటో కనబడింది. పిల్లలకు ఆసియా పటం గీయించే నాకే ఆ దేశం గురించి తెలిసింది రెండు ముక్కలు: దానికి సముద్రం లేదు, దాని పొడుగునా పెద్ద నది ఉంది. ఫొటోలో ఒకావిడ మగ్గం ముందు కూర్చుని ఉంది. ఆమె కట్టుకున్న లుంగీలాంటి బట్టకు అడుగున జానెడు అంచు. గ్రంథాలయం ఆయనను బతిమాలి ఆ పత్రికను గద్వాలకు తీసుకుపోయి నాయనకు చూపించాను.

నాయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చాలాసేపు చూశాడు.

"ఇది అద్దింది కాదు బిడ్డా, నేసిందే. గింత సన్నపు పువ్వు మగ్గం మీద ఎట్ల తీసిన్రో తెలుస్తలేదు" అన్నాడు.

తర్వాతి వారం వెళ్తే మళ్లీ అదే మాట. ఆ పై వారమూ అదే. అలా మొదలైంది.

పత్రికలో ఆ నేతపని ఇంటి చిరునామా ఉంది. ఉత్తరం రాశాను. రెండు నెలలకు ఆ నేతగత్తె మేనకోడలు, ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి, ఈమెయిల్ అడ్రసు పంపింది. ఇక స్కూలు వదలగానే ఇంటర్నెట్ సెంటర్లో పరదా చాటున కూర్చుని జవాబులు రాయడమే నా పని. వాళ్ల దగ్గర నేసేది ఆడవాళ్లేనట. మా ఇంట్లో మగ్గం మీద కూర్చునేది మా నాయన అని రాస్తే ఆ నేతగత్తె నమ్మలేదు. "ఆయనను తీసుకురండి. నేను కళ్లారా చూడాలి" అని రాయించింది.

రెండేళ్లలో ఆ పిలుపు ఒక యాత్రగా తయారైంది. ఎనిమిది మంది, పది రోజులు. గుళ్లు, బజార్లు వరసగా చూసి వచ్చేది కాదు. నాలుగు రోజులు ఆ నేతగత్తె ఊళ్లోనే ఉండాలి. పొద్దున మగ్గాల దగ్గర, సాయంత్రం వాళ్ల పాటలు, మన పాటలు. ఏ రోజు ఎక్కడ తినాలి, నదిలో ఏ పడవ ఎక్కాలి, ఎవరికి నీచు వద్దు, అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకున్నాను. నాయన పాస్‌పోర్టుకు అప్లికేషన్ పెట్టాం. పోలీసాయన విచారణకు ఇంటికొచ్చి, "ఈ వయసుల ఏ దేశం పోతవ్ పెద్దాయన?" అంటే నాయనకు పేరు నోరు తిరగక, "పువ్వుల మగ్గమున్న దేశం సార్" అన్నాడట.

బయటివాళ్లు ఊళ్లో ఉండాలంటే అక్కడి అధికారికి ఏదైనా సంఘం తరఫున ఉత్తరం కావాలని వాళ్లు అడిగారు. వనపర్తిలో ఒక సాంస్కృతిక సంఘం ఉండేది. దాని అధ్యక్షుడు రిటైరైన లెక్చరర్. సభలు పెట్టడం, శాలువాలు కప్పడం ఆయన పని. నా నోటుబుక్కూ ఈమెయిళ్ల కాగితాలూ చూసి, "అద్భుతం తల్లీ, ఇది మన సంఘమే చెయ్యాలె" అన్నాడు. ఫైలు ఆయన దగ్గర పెట్టి వచ్చాను.

నెల తర్వాత ఒక ఆదివారం యాత్రికుల సమావేశం అన్నారు. నాయన తెల్లచొక్కా వేసుకుని, పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గద్వాల నుంచి పెబ్బేరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చాడు. ఇరవై మంది ఉన్నారు. అధ్యక్షుడు జాబితా చదివాడు. ఆయన, ఆయన భార్య, ఆయన బామ్మర్ది, ఒక రైసుమిల్లు యజమాని, ఒక కాంట్రాక్టరు... ఎనిమిది పేర్లయ్యాయి. నాయన పేరు లేదు. నా పేరూ లేదు.

లేచి అడిగాను. "సార్, వాళ్లు పిలిచిందే మా నాయనను."

ఆయన నవ్వుతూ నాయన వైపు తిరిగాడు. "ఈయన పొద్దుందాక మగ్గం కాడనే ఉంటడు గద తల్లీ! విమానమెక్కి గంత దూరం పోయి మల్ల మగ్గమే సూస్తడా? నలుగుట్ల మాట్లాడగలిగేటోళ్లు పోవాలె. సంఘం ఇజ్జత్ ముచ్చట."

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. చేతిలో కవరును మడిచి, మళ్లీ మడిచి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. బస్టాండులో, "పోనీ తియ్యి బిడ్డా, సారన్నదాంట్ల తప్పేముంది" అన్నాడు. అధ్యక్షుడి మాటలు నాలుగు రోజులకు మరచిపోయేదాన్నేమో. నాయన వాళ్లతో కలిసి నవ్విన నవ్వు మాత్రం మరుపు రాలేదు. అన్నం ముందు కూర్చుంటే అదే, పాఠం చెబుతుంటే అదే.

పది రోజులకు లావోస్ నుంచి ఈమెయిల్ వచ్చింది. అధ్యక్షుడికి కంప్యూటర్ ముట్టుకోవడం రాదు. వాళ్లు ఇంకా నాకే రాస్తున్నారు. "మీరొస్తామన్న వారంలో మా చెల్లెలి కూతురి పెళ్లి ఉంది. నది ఎగువన ఉన్న ఊరికి అందరం పోతున్నాం. మగ్గాలిల్లు తాళం వేసి ఉంటుంది. దయచేసి రెండు వారాలు ఆగి రండి."

అప్పటికి ఇక్కడివాళ్లు టికెట్లు ఇంకా తీసుకోలేదు. నేను ఒక్క మాట చెబితే తేదీలు మారేవి. చెప్పలేదు. ఆ ఈమెయిల్‌ను నాలుగుసార్లు చదివాను. ఒంట్లో ఏదో చల్లగా పాకింది. భయం కాదు, సంతోషం. "మొదట వచ్చేవాళ్లు వేరే గుంపు, వాళ్ల కోసం పెళ్లి మానుకోకండి. నాయనా నేనూ తర్వాత వస్తాం" అని జవాబు కొట్టి బయటికొచ్చి చెరుకురసం తాగాను.

వారం తర్వాత అధ్యక్షుడి భార్య మా ఇంటికి వచ్చింది. మెత్తని మనిషి. సంఘం సభల్లో స్టేజీ వెనక టీ గ్లాసులు సర్దుతూ కనబడేది తప్ప మాట్లాడగా వినలేదు. "మా సారు అడగమన్నడు. ఆడికెల్లి ఏమన్న కబురొచ్చిందా?" అంది.

"రాలే" అన్నాను, ఆమె కళ్లలోకి చూసే.

ఆమె కాసేపు అట్లాగే చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లారు. తాళం వేసిన మగ్గాలింటి ముందు నిలబడి, పక్కింటివాళ్ల సైగలు అర్థంకాక, పట్నానికి తిరిగిపోయి హోటల్లో ఉండి, గుళ్లు చూసి, ఫొటోలు దిగి వచ్చారు. ఎండలో మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నారని తెలిసినప్పుడు ఇంకా ఎక్కువసేపు కూర్చుంటే బాగుండునని అనుకున్నాను.

అధ్యక్షుడు ఊరుకుంటే నేనూ అంతటితో ఊరుకునేదాన్నేమో. కానీ నాగర్‌కర్నూల్‌లో సభ పెట్టించుకున్నాడు. లావోస్ నేతకళ మీద ఉపన్యాసం. నాయనను వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. అక్కడి నేతగాళ్లతో నాలుగు రోజులు గడిపామన్నాడు. వాళ్ల మగ్గాలూ మన మగ్గాలూ ఒకటేనన్నాడు. తెర మీద బుద్ధుడి గుళ్లు, నది, ఆయన.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను.

"సార్, వాళ్లు పువ్వు తీసేది ఎట్ల?"

"మన లెక్కనే. అట్టముక్కలకు రంధ్రాలు కొట్టి పైన పెడ్తరు" అన్నాడు తడుముకోకుండా.

బ్యాగులోంచి కాగితం తీసి ఆ నేతగత్తె మాటలు తెలుగులో చదివాను. వాళ్లకు అట్టలు లేవు. మగ్గం మీద నిలువుగా వేలాడే దారాలుంటాయి. ప్రతి వరసకు ఒక వెదురుపుల్ల. పువ్వంతా ఆ పుల్లల్లోనే దాచుకుంటారు. పక్కన నాయన తల ఊపుతూ వింటున్నాడు. చదివాక, తాళం గురించిన ఈమెయిల్ కూడా చదివాను. వచ్చిన తేదీతో సహా.

అధ్యక్షుడి ముఖం చూస్తూ ఒక్కో అక్షరం చదివాను. ముందు ఆయనకు అర్థం కాలేదు. తర్వాత తేదీ అర్థమైంది. "అంటే... నీకు ముందే తెలుసా?" అన్నాడు మైకులోనే.

"తెలుసు సార్."

వెనక ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఆ నవ్వు హాలంతా పాకుతుంటే నేను కూర్చోకుండా నిలబడే విన్నాను. అంత తీపి నా జీవితంలో మళ్లీ తినలేదు.

నాయనకు అది తీపి కాలేదు. తిరుగు బస్సులో పెబ్బేరు దాటాక, "ఇజ్జత్ పోయింది నాది. పగ నువ్వు పట్టినవ్. నన్ను అడిగినవా?" అన్నాడు. తప్పు చేశానని నేను అనలేదు. అనిపించలేదు గనుక.

మా యాత్రకు ఏడుగురం తేలాం. నాయన, మా వాడలో నేసే ఇద్దరు ఆడవాళ్లు, వీపనగండ్ల నుంచి కోలాటం నేర్పే దంపతులు, నాగర్‌కర్నూల్‌లో పనిచేసే ఒక టీచరు, నేను. అధికారికి కావలసిన ఉత్తరం చేనేత సొసైటీవాళ్లు ఇచ్చారు. ఇంకొక్క చోటు మిగిలింది. అప్పుడు అధ్యక్షుడి భార్య మళ్లీ వచ్చింది.

"ఒక్కదాన్నే వస్త. ఆయన రాడు. నన్ను కలుపుకో" అంది.

"మనుషులు నిండిపోయిన్రు అమ్మా" అన్నాను. ఆయన ఇంటి గడప దాటి వచ్చేది ఏదైనా సరే, కాదనాలనిపించింది.

ఈ సంగతి నాయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ ఆదివారం నాకు చెప్పకుండా వనపర్తి వచ్చి, నేరుగా అధ్యక్షుడి ఇంటికే పోయాడు. ఆయన ఎదుటే ఆమెను అడిగాడట. "అమ్మా, ఒక చోటు ఖాళీగుంది. మా బిడ్డకు లెక్క రాదు. నువ్వు రా." అధ్యక్షుడు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడట. నాయనకు టీ కూడా ఆమే ఇచ్చింది.

హైదరాబాద్ బస్సు కోసం కొత్తకోటలో హైవే మీద అందరం కలిశాం. భార్య సూట్‌కేసు మోసుకొచ్చింది అధ్యక్షుడే. నా వైపు చూడలేదు. నాయన మాత్రం దగ్గరికి పోయి, "మీరు గూడ రాకపోతిరి సార్" అన్నాడు. వెటకారం లేకుండా అన్నాడు. అందుకే అది నేను చేసినవాటన్నిటికన్నా గట్టిగా తగిలి ఉంటుంది. ఆయన ఎర్రబడిన మెడతో ధాబా వైపు నడిచిపోయాడు. బస్సు ఎక్కేదాకా నేను ఆ మెడనే చూశాను.

బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. షాద్‌నగర్ దాటాక మెల్లగా అంది. "ఆ పొద్దు నువ్వు రాలే అన్నప్పుడే నాకు తెల్సింది, అబద్ధమాడుతున్నవని."

ఆమె వైపు తిరిగాను. "మరి సారుకు చెప్పలేదా?"

"ఆయన నన్ను ఎన్నడన్న అడిగిండా, నీకేమనిపిస్తుందని?" కిటికీ బయటికి చూసింది. "పెండ్లయి ముప్పై ఏండ్లాయె. తాళం ముందర ఆయన మొఖం ఎట్లుంటదో చూద్దామనిపించింది. చూసిన."

క్షమాపణ అడుగుదామనుకుని మొదలుపెట్టి ఆగాను. ఆమెకు అది అక్కరలేదని తెలుస్తూనే ఉంది.

లావోస్‌లో ఆ నేతగత్తె నాయనకన్నా నాలుగేళ్లు పెద్దది. భాష ఒక్క ముక్క కలవదు. నాయన చెప్పులు విడిచి ఆమె మగ్గం ముందు కూర్చుని, వేలాడే దారాలను ఒక్కొక్కటీ వేలితో మీటుతూ లెక్కపెట్టాడు. ఆమె ఒక పుల్ల కింది నుంచి పైకి మార్చి చూపించింది. రెండో పుల్ల నాయనే మార్చాడు. తప్పు పెట్టాడు. ఆమె నాయన చేతి మీద చిన్నగా కొట్టి, తీసి, మళ్లీ పెట్టించింది. మధ్యాహ్నానికి మూడు వేళ్ల వెడల్పు పువ్వు దిగింది. ఊళ్లో ఆడవాళ్లంతా మగ మనిషి నేస్తున్నాడని గుమిగూడి నవ్వుతుంటే, నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను ఫొటో తీయలేదు. తీస్తే దాన్ని వనపర్తికి తీసుకుపోయి ఆ అధ్యక్షుడి గుమ్మంలో పెట్టి వచ్చేదాన్నని నాకు తెలుసు.