నెలలు నిండని బిడ్డకు చుక్కల మందు

ఎనభైల మొదట్లో, ఎనిమిదో నెల నిండకుండానే నా కూతురు పుట్టింది. దానికి పాలు చీకే బలం కూడా లేదు. వెచ్చగా ఉండాలని వరంగల్ దవాఖానలో దాన్ని గాజు పెట్టెలో ఉంచారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను పాలు పిండి ఇస్తే నర్సమ్మ సన్నటి గొట్టంతో పట్టేది. మా ఆయన నాట్లకని ఊరికి వెళ్లిపోయాడు. పక్క మంచాల తల్లులు బిడ్డలను ముద్దాడుతుంటే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒకరోజు నర్సమ్మ నా పాలలో విటమిన్ చుక్కలు కలుపుతోంది.

"నా పాలు సాల్తలేవా అక్కా?" అని ఏడ్చాను.

"నీ పాలు మంచియే చెల్లె. ఆఖరి నెలలల్ల కడుపుల అందాల్సిన విటమిన్లు దీనికి అందలే, గంతే. ఫికర్ జెయ్యకు," అంది.

ఇరవయ్యో రోజున బిడ్డను నా ఒళ్లో పెట్టి, నా పాలు పోసిన ఉగ్గుగిన్నె చేతికిచ్చింది. బిడ్డ ఒక్క గుక్క మింగింది. చెప్పుకోవడానికి నావాళ్లెవరూ లేరు.

"మింగినవా బిడ్డా!" అని దానికే చెప్పాను.