డబ్బా వ్యానుకు కుట్టిన బొంత

మా నాన్న నన్ను జీవితంలో ఒక్కసారే మెచ్చుకున్నాడు. పొలం పనికి కాదు, చదువుకు అంతకన్నా కాదు. ఒక పాత వ్యానులో మోత తగ్గించినందుకు. ఆ మెప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక దాన్ని తలచుకున్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప పనేమీ కాదు.

తుంగభద్ర కాలువ కింద భూములు చౌకగా దొరుకుతాయని మావాళ్లు కృష్ణాజిల్లాలో ఉన్న కాస్తా అమ్ముకుని రాయచూరు జిల్లా జవళగేర దగ్గర, మాలా వలస వచ్చిన రైతుల క్యాంపులో దిగేనాటికి నాకు పదేళ్లు. నేను చెప్పేది ఇంకో పద్నాలుగేళ్ల తర్వాతి సంగతి. అప్పటికి తుమ్మలు కొట్టి చదును చేసిన నల్లరేగడిలో రెండు పంటలు పండుతున్నాయి. మా అన్నయ్య మడిలో కాలు పెడితే చాలు, నీళ్లు ఎక్కువో తక్కువో చెప్పేసేవాడు. నేను పీయూసీ రెండుసార్లు తప్పి ఇంటికొచ్చినవాణ్ణి. నాన్న పదిమందిలో అన్నయ్యను "మావాడు" అనేవాడు. నన్ను "ఆ రెండోవాడు" అనేవాడు. నేను పక్కనే ఉండి వింటున్నానని తెలిసే అనేవాడు.

ఆనకట్ట పనుల్లో తిరిగి తిరిగి అరిగిపోయిన పికప్ వ్యాను ఒకటి నాన్న కొన్నాడు. ముందు ఇద్దరు పట్టే రేకు క్యాబిను, వెనక చెక్కల తొట్టి. క్యాంపులో అందరూ దాన్ని డబ్బా వ్యాను అనేవారు. ఎరువుల బస్తాలు, డీజిలు పీపాలు, నాట్లకు పక్కూరు మల్లట్ నుంచి వచ్చే ఆడవాళ్లు, అన్నీ ఆ తొట్టిలోనే ఎక్కేవి. క్యాబినులో కూర్చున్నవాళ్లు మాత్రం ఒకరి మాట ఒకరికి వినపడక మూగవాళ్లలా కూర్చోవాల్సిందే. ఇంజను రొద ఒకటి, తలుపులు గడగడలాడటం ఒకటి, నెత్తిమీద రేకు మోగడం ఇంకొకటి. కాలువగట్టు గతుకుల్లో వెళ్తుంటే వంటింట్లో కంచాలన్నీ ఒకేసారి కిందపడ్డట్టు ఉండేది. నాన్న ఆ స్టీరింగు ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

అప్పటికి ఆయన అరవైకి దగ్గర పడ్డాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక కూడా చెవుల్లో హోరు తగ్గడం లేదని విసుక్కునేవాడు. అమ్మ పిలిస్తే పలికేవాడు కాదు. రెండోసారి గట్టిగా పిలిస్తే, ఆ డబ్బా మోత ఇంకా చెవుల్లోనే ఉందనేవాడు. ఒకరోజు అమ్మ నన్ను పక్కకు పిలిచి, మీ నాన్నను రాయచూరు తీసుకెళ్లి చెవులు చూపించమంది. నేను నవ్వేశాను. ఆయన చెవులు బాగానే ఉన్నాయి, జబ్బు వ్యానుకే అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు తెలుసు. అప్పటికే ఆ క్యాబిను లోపలంతా బొంత కుట్టి మోత అణచాలన్న ఆలోచన నా బుర్రలో దూరింది. నా ఆలోచన నెగ్గాలంటే జబ్బు వ్యానుకే ఉండాలి.

నాన్న ఒప్పుకున్నాడు గానీ పైసా ఇవ్వనన్నాడు. ఏం తగలేసినా ఇంట్లో పడి ఉన్నదాంతోనే తగలెయ్యమన్నాడు.

రాయచూరులో వాహనాల సీట్లు కుట్టే ముసలాయన ఒకడుండేవాడు. తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న తెలుగువాడు. ముందు అతన్ని అడుగుదామని వెళ్లాను. అతను నోట్లో ఉన్న దారం తెంపి, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"పైకప్పుకు, దర్వాజలకు ఎంత కప్పినా ఏం ఫాయిదా లేదు సారు. అసల్ లొల్లి ఇంజన్ దిక్కుకెల్లి వస్తది. సీటిప్పి, తీగలిప్పి, ముంగటి రేకుకు మందంగ నమ్దా కొట్టాలె."

నమ్దా అంటే ఉన్నిని ఒత్తి చేసే మందపాటి గుడ్డ. దానికి ఖర్చవుతుంది. ఈ ముసలాడు తన సరుకు అంటగట్టడానికి చూస్తున్నాడనుకున్నాను. చిరిగిన రెక్సిన్ ముక్కలు నాలుగు అడిగి తెచ్చుకుని, ఇంజను వైపు రేకు జోలికి వెళ్లకుండా మిగతా అంతా చేశాను.

ఆ ఊళ్లో పత్తి మిల్లుల వెనక గింజనలుసుతో నల్లబడిన దూది చెత్తగా పోసి ఉండేది. రెండు బస్తాలు ఎత్తుకొచ్చాను. రోడ్డు పనివాళ్లు వదిలేసిన తారు పీపా అడుగున కొంత మిగిలి ఉంటే గీకి కాచాను. సీటు మీద వెల్లకిలా పడుకుని పైకప్పు లోపలి రేకుకు తారు పూస్తుంటే చుక్కలు మొహం మీద పడేవి. ఎడమ కనుబొమ మీద ఒక మచ్చ ఇప్పటికీ ఉంది. తారు మీద గోనెపట్టా అంటించి, దాని మీద దూది బొంత కట్టి, పైన రెక్సిన్ బిగించాను. బొంతంతా అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని దబ్బనంతో కుట్టాం. తలుపుల అంచులకు పాత సైకిలు ట్యూబులు చీల్చి అతికించాను. ఇరవై రోజులు పట్టింది. అన్ని రోజులు ఒకే పని మీద నిలబడటం నాకు అదే మొదలు.

పూర్తయిన రోజు నాన్న పక్కన నేనూ కూర్చున్నాను. సింధనూరు రోడ్డెక్కాం. తలుపుల గడగడ ఆగిపోయింది. మిగతా మోత సంగతి నేను తేల్చుకునేలోపే ఆయన స్టీరింగు మీద చెయ్యి చరిచి, ఇదిరా బండంటే అన్నాడు. ఆయన తగ్గిందన్నాక నా చెవులు మరో మాట చెబుతాయా? నాకూ తగ్గినట్టే వినపడింది. సింధనూరులో కాఫీ హోటలు ముందు బండి ఆపి, తెలిసినవాళ్లు నలుగురు ఉంటే వాళ్ల దగ్గరికి నన్ను భుజం పట్టి నడిపించుకెళ్లాడు.

"మావాడు చేశాడండీ. లోపల కూర్చుంటే ఇంజను ఆడుతుందో లేదో కూడా తెలీట్లేదు."

మావాడు అన్నాడు. ఆ కాఫీ రుచి ఎలా ఉందో కూడా నాకు గుర్తులేదు.

అప్పట్నుంచి ఆయన ఆ వ్యాను దిగితే ఒట్టు. పది రోజులకోసారి సింధనూరు వెళ్లే మనిషి, గుప్పెడు మేకులు కావాలన్నా బయల్దేరేవాడు. మోత లోపలికి రాకూడదని మే నెల ఎండలో అద్దాలు బిగించుకునేవాడు. తారు కరిగి పంచె వెనక అంటుకునేది. అమ్మ కిరసనాయిలు పోసి రుద్దుతూ తిట్టేది. బొంతలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. ఏం జరిగినా ఆయన మెప్పు మాత్రం చెక్కు చెదరలేదు. క్యాంపులో జీపున్న రైతు ఒకాయన తన బండికీ అలాగే చెయ్యమని అడిగితే, నాన్న ఆయన్ని ఎక్కించుకుని జవళగేర దాకా తిప్పుకొచ్చాడు. ఆయన దిగి, చూద్దాంలే బాబూ అని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పిసినారి అనుకున్నాను.

రెండు నెలలకు సీటు చిరిగింది. రాయచూరు వెళ్లి ఆ ముసలాయన దగ్గరే కుట్టించాం. కుట్టాక స్ప్రింగులు చూస్తానని అతను నా చోట కూర్చున్నాడు. మోత ఎంత తగ్గిందో చూడమంటూ నాన్న ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. నాన్న టైర్లు చూసుకోవడానికి వెనక్కి వెళ్లినప్పుడు ముసలాయన నా దగ్గరకొచ్చాడు.

"ఇంజన్ లొల్లి అంతా లోపటికే వస్తున్నది సారు. మీ నాయినకే వినొస్తలేదు. జర డాక్టర్‌కు సూపియ్యండ్రి."

నమ్దా కొనలేదన్న అక్కసుతో అంటున్నావని అతని మీద విరుచుకుపడ్డాను. అతను దారపు కండె సర్దుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మానవి ఊరు దాటాక మామూలు గొంతుతో నాన్నా అని పిలిచాను. ఆయన రోడ్డు చూస్తున్నాడు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. పలకలేదు. గొంతు చించుకుని అరిచాను. అప్పుడు ఇటు తిరిగి నవ్వాడు.

"ఎందుకురా అరుస్తావు? ఈ బండిలో ఇంక అరవక్కర్లేదుగా."

అప్పుడు మొదటిసారి నా సొంత చెవులతో విన్నాను. ఇంజను ఎప్పటిలాగే రంకె వేస్తోంది. కాళ్ల కింద నుంచి, గేరు రాడ్డు సందులోంచి, నేను వదిలేసిన ఆ ముందు రేకులోంచి రొదంతా లోపలికి కొడుతోంది. ఇరవై రోజుల చాకిరీకి తలుపుల గడగడ ఒక్కటే తగ్గింది. మిగతాదంతా ఆయన చెవుల్లో తగ్గింది.

ఇంటికెళ్లి ఆ పూటే అమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఆయన వ్యాను మానేస్తాడు, వైద్యానికి వెళ్తాడు. అది మంచిదే. దాంతోపాటు ఆ మెప్పు కూడా పోతుంది. నేను మళ్లీ ఆ రెండోవాణ్ణయిపోతాను. పైగా చెవిటి తండ్రిని వ్యానెక్కించి సంబరపడిన వెధవనని కూడా అంటారు. అమ్మ మళ్లీ అడిగితే కోతలయ్యాక చూద్దామన్నాను. కోతలయ్యాక నూర్పిళ్లు ఉన్నాయన్నాను. ఆయన రోజూ నడుపుతూనే ఉన్నాడు. పొద్దున ఆ ఇంజను మోగడం పడుకునే వినేవాణ్ణి. లేచి వెళ్లి తాళం లాక్కోవచ్చు. దుప్పటి ముసుగు పెట్టుకునేవాణ్ణి.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం కాలువగట్టు మీద వెనక నుంచి లారీ హారను కొట్టీ కొట్టీ విసిగి, దారి దొరికిన చోట ముందుకొచ్చి అడ్డం నిలిచింది. డ్రైవరు దిగి కన్నడంలో నోటికొచ్చినట్టు తిట్టాడు. నాన్న అద్దం దించి, చిరునవ్వుతో, ఏం కావాలి నాయనా అని అడిగాడట. గట్టు కింద మడిలో ఉన్న అన్నయ్య అది చూశాడు. ఇంటికొచ్చి, రేపు పొద్దున్నే నాన్నను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని నాతో గట్టిగా చెప్పాడు.

రాయచూరు డాక్టరు రెండు కొమ్ముల ఇనుప ముక్కను మోగించి నాన్న చెవుల దగ్గర, చెవి వెనక ఎముక మీద పెట్టి చూశాడు. నాన్నను బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడాడు. వయసు కొంత, వ్యాను మోత చాలా. పోయింది తిరిగి రాదు. తెలిసిన వెంటనే ఆ బండి మానిపించి ఉంటే ఉన్నదైనా నిలిచేది, ఇప్పుడైనా ఈ రోజు నుంచే మానిపించమన్నాడు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని నన్ను అడిగాడు. ఈమధ్యేనండీ అన్నాను.

బయట వరండాలో పిల్లలు ఏడుస్తున్నారు. నాన్న నన్ను చూసి లేచి, ఏమన్నాడని అడిగాడు. నేను ఆయన చెవి దగ్గరకు వంగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ గోలగా ఉందిరా. బండెక్కాక చెప్పు, అక్కడైతే బాగా వినపడుద్ది."

వ్యానెక్కాం. ఆయన అద్దాలు రెండూ బిగించి, పైకప్పు బొంత ఊడిన చోట వేలితో లోపలికి నొక్కి, ఇంజను వేశాడు. ఊరు దాటాక నేను మొదలుపెట్టాను. అన్నం తినేటప్పుడు మాట్లాడుకునే గొంతుతో, ఆయన మొహం చూడకుండా, మొత్తం చెప్పాను. మోత తగ్గలేదని, తగ్గింది ఆయన వినికిడని, నాలుగు నెలల క్రితమే నాకు తెలుసని, మావాడు అన్న ఒక్క మాట పోగొట్టుకోలేక నోరు మూసుకున్నానని. ఆ గొంతు ఆ రొదలో నాకే సరిగ్గా వినపడలేదు. ఆయన రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు. అరిచి చెప్పి ఉంటే వినేవాడు. అరిస్తే వింటాడని నాకు తెలుసు.

మానవి దగ్గర పడ్డాక ఆయన నా వైపు తిరిగి, ఇంతకీ డాక్టరేమన్నాడ్రా అని అడిగాడు.

"ఏం ఫర్వాలేదన్నాడు" అని గొంతు చించుకుని అరిచాను.

అది ఆయనకు వినపడింది. తలూపి, బండి వేగం పెంచాడు.