నాన్న కింద పెట్టిన కాఫీ కప్పు

సౌదీలో మేముండే ఖోబర్‌లో మార్చి నెల వచ్చిందంటే ఏదో ఒక మధ్యాహ్నం ఆకాశం పసుపురంగుకు తిరుగుతుంది. కిటికీలు ఎంత బిగించినా ఏసీలోంచి సన్నటి దుమ్ము వాసన, వానతో సంబంధం లేని ఎండుమట్టి వాసన, ఇల్లంతా పరుచుకుని గొంతులో గరగరలాడుతుంది. మొన్న అలాగే వచ్చినప్పుడు మా పిల్లలు ముక్కులు మూసుకుని నన్ను తిట్టినంత పని చేశారు, గాలిదుమారం నేనే రప్పించినట్టు. నాకు మాత్రం ఈ ఊళ్ళోనే అజీజియా పేటలో మేమున్న పాత ఫ్లాటు, పదేళ్ళ వయసులో అక్కడ గడిపిన ఒక గురువారం కళ్ళముందుకొచ్చాయి.

ఆ భవనంలో వీధి అంటే వరండాయే. వరండా గచ్చు పలకల మీద ఖర్జూరపు గింజను బిళ్ళగా చేసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, కింద కేరళవాళ్ళ కొట్లో కరివేపాకు కోసం వెళ్ళి నమాజు వేళకు షట్టరు దించేస్తే బస్తాల మధ్య కూర్చుని బఠాణీలు నములుతూ అది లేచేదాకా ఉండేవాళ్ళం, అమ్మేమో పైనుంచి మమ్మల్ని పిలిచి పిలిచి అలిసిపోయేది. నాన్న పక్క ఊరు ధహ్రాన్‌కు వెళ్ళే దారిలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో గుమస్తా. చొక్కాకు ఇస్త్రీ మడత నలగనివ్వరు, ఎండలోకి అడుగుపెట్టరు, ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీని ఇంకెవరికీ వదలరు. పక్క కుర్చీ కడప సుబ్బరాయుడు మామది. ఆయనకు భార్యాపిల్లలు ఊళ్ళో ఉండటంతో మా ఇంట్లోనే సగం భోజనాలు.

బుధవారం సాయంత్రాలు మా ముగ్గురితో పాటు మామ కూడా టీవీ ముందు చేరేవాడు. అప్పట్లో సెలవులు గురు, శుక్రవారాలు కనుక మరునాడు లేవాలన్న బెంగ లేదు. డిష్షులో ఒక బ్రిటిష్ సీరియలు వచ్చేది. టీ కప్పుల దగ్గర పోట్లాడుకునే మామూలు ఆఫీసు మనుషులను ఎవరో దుర్మార్గులు పొరపాటున వెంటాడతారు, వాళ్ళు భయంతో చచ్చిపోతూనే మనల్ని నవ్విస్తారు. ఇంగ్లీషు సగం, కింద అరబీ అక్షరాలు అసలే అర్థం కాకపోయినా, నాన్నా మామా ఒకరినొకరు చూపించుకుని పడీపడీ నవ్వేవారు. అమ్మ మాత్రం పప్పు ఏరుతూ, "నవ్వండి నవ్వండి, మిమ్మల్నలా తరిమితే గుమ్మం దాటలేరు ఇద్దరూనూ" అనేది.

ఆ బుధవారం కథలో ఆఫీసువాళ్ళు వ్యానులో ఎక్కడికో వెళ్ళి దారి తప్పిపోయారు, అక్కడితో ఆపేశారు. మర్నాడు పొద్దున్నే, సెలవైనా సరే, మేనేజరు ఫోను చేసి ఎడారిలో ఉన్న ఒక సైటుకు కాగితాలు పట్టుకెళ్ళమన్నాడు. అక్కడికెళ్ళే మనిషి సెలవులో ఉన్నాడట. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మామ పాత కారెక్కారు, భోజనం వేళకు వచ్చేస్తామన్నారు. శుక్రవారం ఉగాది. అమ్మ బూరెలకు శనగపప్పు ఉడకేసింది, నన్ను వేపపువ్వు ఒలవమంది.

భోజనం వేళకు ఆకాశం పసుపైంది. ఎదురు భవనం కనబడలేదు. నాన్న ఫోను కలవలేదు, మామది అసలే స్విచ్ఛాఫ్. ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. అమ్మ పూర్ణం ఉండలు చేస్తూనే ఉంది, చేసినవి మళ్ళీ చిదిపి మళ్ళీ చేస్తోంది. నేను ఊరుకోలేక, "టీవీలో వాళ్ళలాగా..." అన్నాను. "నోర్ముయ్యి" అంది, మరుక్షణం నన్ను దగ్గరకు లాక్కుని, "మరేం కాదులే, వచ్చేత్తారు" అంది. ఆమె చేతికున్న బెల్లం నా జుట్టుకంటింది.

దుమ్ము తగ్గి పొద్దు వాలుతుండగా కింద కార్ల చప్పుడైంది. చూద్దును కదా, ముందు ఒక పికప్పు, వెనక మామ కారు. పికప్పులోంచి పాదాల దాకా ఉన్న తెల్లటి తోబు వేసుకున్న సౌదీ కుర్రవాడు దిగాడు. పోలీసేమో అని అమ్మ నా చెయ్యి నొక్కేసింది. ఆ వెనకే, తల నుంచి చెప్పుల దాకా మట్టి కొట్టుకుపోయి, చొక్కాకు మడతన్నదే లేకుండా నాన్న దిగారు.

"భయపడొద్దు వదినా, యాడికీ పోలేదు, కాఫీ తాగతాంటిమి" అన్నాడు మామ.

జరిగిందిది. దుమారంలో దారి తప్పి, కనబడిన గుడారాల దగ్గర కారాపారు. వసంతకాలంలో సౌదీలు ఎడారికొచ్చి గుడారాలు వేసుకోవడం మామూలే గాని, ఇన్నేళ్ళలో మావాళ్ళు ఒక్క సౌదీ ఇంటి గడప తొక్కి ఎరగరు. లోపల ఒక పెద్దాయన, చుట్టూ పదిమంది. పాలూ చక్కెరా లేని యాలకుల కాఫీ చిట్టి కప్పులో పోశారు. తాగితే మళ్ళీ పోశారు, మళ్ళీ తాగితే మళ్ళీ. చాలన్నప్పుడు కప్పు ఊపాలని వీళ్ళకేం తెలుసు? నాన్న చివరికి విస్తట్లో వడ్డన వద్దన్నప్పుడు మనం చేసినట్టే, నిండు కప్పును కింద పెట్టి దాని మీద అరచెయ్యి అడ్డంపెట్టారు. గుడారంలో ఒక్కసారిగా అందరూ తమ కప్పులు దించేశారు. పెద్దాయన ముఖం గంభీరంగా పెట్టి అరబీలో ఏదో అడిగాడు. మామ, "అన్నా, అయిపోయింది మన పని" అని నాన్న మోకాలు గిల్లాడు. నాన్నకు వచ్చిన అరబీ అంతా నివాసపు కార్డుకు ఇకామా, పూచీదారుకు కఫీలు లాంటి కాగితాల మాటలే. అవి పనికిరాక, "బైత్, బైత్" అన్నారు. ఇల్లు, ఇల్లు అని.

"కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే అతిథికి ఏదో అవసరం ఉందని మాకు అర్థం" అని మా గుమ్మంలో నిలబడి ఆ కుర్రవాడు ఇంగ్లీషులో చెప్పాడు, ధహ్రాన్‌లో చదువుకుంటున్నాడట. "అది తీరుస్తామని మాటిచ్చేదాకా మేమూ తాగకూడదు. మీవారు ఇల్లు అడిగారు. ఆ పెద్దాయన మా నాన్నే, వీళ్ళను ఇంటికి చేర్చమని నన్ను పంపారు."

అమ్మ అతనికి వేడి బూరెలు పెట్టింది. ఉగాది రేపైతేనేం, దేవుడు ఏమీ అనుకోడంది. అతను వేళ్ళు కాల్చుకుంటూ తిన్నాడు. అతను వెళ్ళి తలుపు పడ్డాక, అంతసేపు ఏడవని మా అమ్మ గోడకు చేరబడి భోరున ఏడ్చింది. నాన్న ఆ మట్టి చేతులతో ఆమెను ముట్టుకోవాలో వద్దో తెలియక నిలబడిపోతే, ఆమే పట్టుకుంది. నేనూ వాళ్ళిద్దరి మధ్యలో దూరాను. అంత హాయి నాకు మళ్ళీ తెలియలేదు.

ఇప్పుడా ఫ్లాటు లేదు, పార్కింగు స్థలం చేశారు. గుడారాలుండే చోట కాలనీలు లేచాయి, బుధవారం దాకా ఆగి చూసే సీరియళ్ళు పోయాయి. మావారు ఆఫీసులో కదిలితే నా ఫోను మ్యాపులో నీలి చుక్క కదులుతుంది. ఎక్కడున్నారో, ఎప్పుడొస్తారో చుక్కే చెబుతుంది కనుక ఎదురుచూడటమన్న పని మా ఇంట్లో ఎవరికీ లేదు. నిన్న సాయంత్రం ఆయన తాళం తీసుకుని లోపలికొస్తే అలవాటు ప్రకారం తలెత్తకుండా కూర్చున్నాను. ఏమనిపించిందో, లేచి గుమ్మం దాకా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఏమైంది?" అన్నారు కంగారుగా.

"ఏం కాలేదు. వచ్చారుగా" అన్నాను.