బైక్ అంబులెన్స్‌లో లచ్చమ్మ ఫోటో

మా చిన్న సంస్థకు దాతల గ్రాంటుతో బైక్ అంబులెన్స్ వచ్చింది, పక్కన రోగి పడుకునే తొట్టి బిగించినది. ఈ రోజు టేకులపల్లి అవతలి అడవి ఊరికి తీసుకెళ్లాం. రిపోర్టుకు లోపల మనిషి పడుకున్న ఫోటో కావాలని గ్రాంటు ఇచ్చినవాళ్లు ముందే చెప్పారు. రోగం లేకుండా అందులో పడుకుంటే కీడని ఊళ్లో ఎవరూ ఎక్కలేదు. చివరికి లచ్చమ్మ వచ్చి పడుకుంది. పోయిన వానాకాలం ఆమె కూతురిని కాన్పుకు మంచం మీద మోసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ సంగతి రాసే మేం గ్రాంటు అడిగాం.

"నీకు భయమైతలేదా అవ్వా?" అన్నాను.

"నా బిడ్డ ఎక్కాల్సిన బండి. ఎట్లుంటదో సూద్దామని ఎక్కిన. మెత్తగనే ఉన్నది," అంది.

గ్రాంటు ఇచ్చినవాళ్లకు ఫోటో పంపాను. ఆమె నవ్వుతున్న ఫోటో ఉంటే పంపమని సాయంత్రం జవాబొచ్చింది. మీరైతే వాళ్లకు తిరిగి ఏం రాసేవాళ్లు?